కంచె మూల

విత్తనాల ఇన్‌స్పెక్టరు ఆ మొక్కను ముట్టుకోలేదు. బూటు మొనతో చూపించాడు, అంతే.

"మళ్ళీ అదే మూల," అన్నాడు.

అన్నదమ్ములిద్దరిలో ఆ పొలం తమ్ముడిది. అతనికి చూడక్కర్లేకుండానే తెలిసింది. కంచె మూల, రాతి గుంజ పక్కన, సన్నని కాడ మీద తెల్లగా గొడుగు విప్పుకుని నిలబడి ఉంది అడవి క్యారెట్. నిరుడూ ఇక్కడే. అంతకు ముందు ఏడూ ఇక్కడే.

"మొన్ననే ఈ మూలంతా గాలించానండీ. గడ్డిలో ఎలా దాక్కుందో."

"మీరు పీకడమూ నిజమే, అది మొలవడమూ నిజమే. నేనేం చేసేది చెప్పండి? వారంలో మళ్ళీ వస్తాను. అప్పటికి మీ పంట పూతకొస్తుంది. చుట్టుపక్కల ఒక్క అడవి పువ్వు కనబడినా మీ విత్తనం కంపెనీ తీసుకోదు. వచ్చే ఏడు పంట కూడా మీకివ్వదు."

తమ్ముడు పండించేది కూరకు క్యారెట్ కాదు, విత్తనానికి. దుంపను మళ్ళీ నాటి, పూయించి, గింజ కట్టించి ఇవ్వాలి. తేనెటీగకు ఇంటి పువ్వూ ఒకటే, అడవి పువ్వూ ఒకటే. దాని మీద వాలి వచ్చి దీని మీద వాలుతుంది. అలా కట్టిన గింజ చల్లుకున్న రైతుకు ఎర్రటి దుంప బదులు పీచు పట్టిన తెల్లటి వేరు చేతికొస్తుంది.

అందుకే ఈ కాలం వచ్చిందంటే అతనికి నడుం వంచడమే పని. కాలువ గట్టు, రోడ్డు పక్క, పాడుబడ్డ ఇటుకల బట్టీ, ఎక్కడ తెల్ల గొడుగు కనబడితే అక్కడ వేరుతో సహా లాగాలి. ముదిరిన పూలగుత్తులు పిట్టగూళ్ళలా లోపలికి ముడుచుకుంటాయి. ఆ గూటి నిండా గింజలే. ఒక్కటీ నేల మీద వదలడు. గోనెసంచిలో కుక్కి తెచ్చి పెరటి గోతిలో కాలుస్తాడు. కలుపుకు దేవుడు ఇంత అందం ఎందుకిచ్చాడో అని మాత్రం కాల్చేటప్పుడల్లా అనుకుంటాడు. మోకాళ్ళు అతని మాట వినడం మానేసి చాలాకాలమైంది.

ఇంత చేసినా ఆ మూల!

కంచెకు అవతలి పొలం అన్నది. పంపకాల్లో కంపెనీ పంట తమ్ముడి వాటాకు వచ్చింది. అన్న ధనియాలు వేసుకుంటున్నాడు. అవీ గొడుగు పూలే. దూరం నుంచి చూస్తే రెండు పొలాలూ ఒక ఇంటి పిల్లల్లా కనబడతాయి. అన్నదమ్ముల మధ్య మాత్రం మాటలు పొడిపొడిగానే ఉన్నాయి.

తమ్ముడు ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. భార్య మంచినీళ్ళు ఇచ్చింది.

"మూలేనా?"

"మూలే. ఎవరో చల్లుతున్నారే. లేకపోతే ఏటేటా అక్కడే ఎందుకొస్తుంది?"

"ఎవరో ఏమిటి, మీ అన్నయ్య అనండి. మంచం కోడు పట్టుకుని గానీ లేవలేని మనిషి, మీ మీద పగతో విత్తనాలు చల్లుతున్నారు పాపం!"

"వెటకారాలాపు. నిన్న పొద్దున అక్కడ వంగి ఉండగా కళ్ళారా చూశాను. నన్ను చూసి చెయ్యి వెనక్కి దాచుకున్నాడు."

"అయితే నన్నెందుకు సతాయిస్తారు? వెళ్ళి ఆయన్నే అడగండి."

వెళ్ళాడు. అన్న వాకిట్లో కూర్చుని పారకు పిడి బిగిస్తున్నాడు.

"ఆ మూల నీకేం పని అన్నయ్యా?"

"ఏ మూల?"

"తెలీనట్టు మాట్లాడకు. అక్కడ వంగి ఏం చేస్తున్నావు?"

"నీ కలుపు పీకుతున్నానురా. పిల్ల మొక్కలు. చెబితే నామోషీ పడతావని చెప్పలేదు."

"పీకుతున్నావా, నాటుతున్నావా?"

లోపల్నుంచి వస్తున్న వదిన గడప దగ్గరే ఆగిపోయింది. అన్న పారను గోడకు ఆనించాడు.

"పోరా," అన్నాడు. గొంతులో కోపం లేదు, ఓపిక అయిపోవడమే ఉంది. "ఇక ఆ వైపుకే రాను. నీ మూల నువ్వే చూసుకో."

ఇంటికి వచ్చేసరికి ఎండ తగ్గింది. గెలిచి వచ్చినట్టు లేదు.

ఎంత అలిసినా దేవుడికి దీపం పెట్టడం అతను మానడు. ఒత్తి సరిచేసి వెలిగించి, పటం ముందు చేతులు జోడించి నిలబడ్డాడు.

"స్వామీ, నేనెవరి జోలికీ పోలేదే. మరి నా పొలంలోనే ఎందుకు? ఎవరు చల్లుతున్నారో ఒక్కసారి చూపించు. అన్నయ్యే అయితే... వద్దులే. అన్నయ్య కాకపోతే బాగుండు. ఎవరైనా సరే, చూపించు."

దేవుడు ఎప్పటిలాగే పటంలోంచి చూశాడు.

"పూలు ఎండిపోయాయి, తీసెయ్యండి," అంది భార్య వంటింట్లోంచి.

దేవుడి దగ్గరికి చేరింది ఏదైనా ఇక అతనికి మామూలు వస్తువు కాదు. వాడిన పూలైనా సరే, చెత్తలో కలపడానికీ, నిప్పులో వెయ్యడానికీ చేతులు రావు.

కాల్చబుద్ధి కాక గోనెసంచిలోంచి ఏరి దేవుడికి పెట్టిన ఆ తెల్లపూలు ఇత్తడి చెంబులో పిట్టగూళ్ళలా ముడుచుకుపోయి ఉంటే, వాటిని భక్తిగా దోసిట్లోకి తీసుకుని, ఎవరి కాలూ పడని చోటని ఏటా ఇలాంటి పూలు తను వేసే ఆ కంచె మూలకే నడిచాడు.