మంత్రిని ఇచ్చెయ్యండి

రీగా పార్కులో బల్ల మీద పరిచివున్న చదరంగం చూసి పళ్ళ డాక్టరు ఆర్విడ్స్ ఉలిక్కిపడ్డాడు.

అది తన ఆటే. ఒక్క పావు తేడా లేదు.

ఎస్టోనియాలో ఉండే కూసిక్ అనే మనిషితో రెండేళ్ళుగా పోస్టుకార్డుల మీద ఆడుతున్నాడు. కార్డుకో ఎత్తు. ముఖం ఎరగడు. ఆట ఎందాకా వచ్చిందో కట్టుకున్న భార్యకి కూడా చెప్పలేదు.

మరి బల్ల ముందు కూర్చుని ఆపిల్ కొరుకుతున్న ఈవిడెవరు?

ఆట మొదలైన తీరు కూడా అదే. రీగా వాళ్ళకి ఆ ఆరంభం అంటే సొంతబిడ్డ. తెల్లపావులు నడిగళ్ళలో కుదురుకోకముందే, నల్లవాడు రెండో ఎత్తులోనే రాజు పక్క బంటుని ముందుకి తోసి తగువు పెట్టుకుంటాడు. కోరి రాజుకి చేటు తెచ్చుకోవడమేనని ఊరూరా నవ్వుతారు. ఆ నోళ్ళు మూయించాలని పెట్టిన ఈ కార్డుల పోటీలో నల్లపావులతో ఓడకుండా మిగిలింది ఆర్విడ్స్ ఒక్కడే. ఈ ఆట పోతే ఆ ఆరంభం పరువు గంగలో కలిసినట్టే.

"కూర్చోండి డాక్టరుగారూ. ఆదివారాలు ఇక్కడే ఉంటారని క్లబ్బులో చెప్పారు."

మాట్లాడింది రష్యన్, యాస ఎస్టోనియాది. ఆవిడ నల్ల మంత్రి మీద వేలు పెట్టింది.

"దీన్ని ఇచ్చెయ్యండి. నాలుగు ఎత్తుల్లో తెల్లరాజు పని సరి. నెల్లాళ్ళుగా చూస్తున్నా, మీకు తట్టేలా లేదు. ఈ ఆరంభం గెలవాలండీ."

ఆర్విడ్స్ బుర్ర గిర్రున తిరిగింది. మంత్రినా? ఊరికే ఇచ్చెయ్యాలా? ఆ యాస గుర్తొచ్చి అప్పుడు వెలిగింది.

"మీ ఆయన పంపాడా?"

ఆవిడ ఆపిల్ బల్ల మీద పెట్టింది.

"మా ఆయనకి బంటు ఎటు నడుస్తుందో కూడా తెలీదు" అని పావులు సంచీలో వేసుకుని లేచింది.

"కూసిక్ గారికి నా నమస్కారాలు చెప్పండి" అని దెప్పాడు ఆర్విడ్స్. ఆవిడ వెనక్కి తిరగలేదు.

ఆ వారమంతా అతనికి ఏదీ అంతుపట్టలేదు. ఎర అయితే ఇంత మొరటుగా వేస్తారా? మేలు అయితే ఆ ఇంటి మనిషికి తన మీద అంత ప్రేమ దేనికి? ఒకళ్ళ పళ్ళు పీకేటప్పుడు వణకని చెయ్యి మంత్రి దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసింది. అవతలివాళ్ళు చెప్పిన ఎత్తుని బల్ల మీద వేసి చూడటం కూడా నామోషీ అనిపించింది. మంత్రిని భద్రంగా మూలకి జరిపి కార్డు పోస్టు చేశాడు.

చలికాలానికి ఓడిపోయాడు.

ఓడాక గానీ ఆ ఎత్తు వేసి చూడలేదు. నాలుగో ఎత్తుకి తెల్లరాజు నిజంగానే చచ్చాడు. మొగుడి ఆట చెడుతుందని తెలిసీ అంతదూరం వచ్చి చెప్పిపోయిందే మహాతల్లి అని కుమిలిపోయాడు.

బహుమతుల సభకి పనిగట్టుకుని ఎస్టోనియా వెళ్ళాడు, ఆవిడకి క్షమాపణ చెప్పుకోవాలని. ముందు వరసలోనే ఉంది, పక్కన ఒక లావుపాటాయన.

అధ్యక్షుడు విజేతని పిలిచాడు.

"కూసిక్."

కూసిక్ ఎలా ఉంటాడో చూద్దామని ఆర్విడ్స్ మెడ సాచాడు గానీ, లావుపాటాయన లేవలేదు. ఆయన ఒళ్ళో తన చేతిసంచీ పెట్టి, ఆవిడ వేదిక మీదికి నడిచింది.