మనిషెవరో తేలాకే విషయం

ముందు పడవవాడు మడుగులోకి దూకాడు. వాడి వెనకే ఆఫీసు బంట్రోతు దూకాడు. ఇద్దరూ పడుతూ లేస్తూ గట్టు పట్టారు.

పడవలో ఒక్కావిడ మిగిలింది.

గొడ్డలాయన రెల్లు పక్కకి తోసుకుంటూ బయటికొచ్చాడు. సాయంత్రం నాలుగు దాటింది గానీ ఎండ ఇంకా దిగలేదు. వెలుతురులో అతను మరీ అసహ్యంగా ఉంటాడు. ఒళ్లంతా నాచు, చేతిలో గొడ్డలి. అడుగడుక్కీ మోకాళ్లు కిర్రుమంటాయి. అసలు పేరు ఎవరికీ తెలియదు గనక, భయంతో కూడిన మర్యాదకొద్దీ జనం పెట్టిన పేరే గొడ్డలాయన.

అతను ఆ ఊబిలో మునిగి చచ్చి ముప్పై ఎనిమిదేళ్లయింది. చచ్చాడన్న మాటే గానీ సుఖం లేదు. నడుం వాలిస్తే చాలు, అడుగునున్న బురద మళ్లీ పైకి నెట్టేస్తుంది. ఇన్నేళ్లలో కంటిమీద కునుకు లేదు.

తనకు బదులు ఇంకొకరిని బురద అడుగుకి పంపితే తన పడక తనకి దొరుకుతుందని అతని నమ్మకం. అలా పదకొండు మందిని పంపాడు. వాళ్లంతా హాయిగా నిద్రపోయారు. ఇతనికి ఆవలింతలే మిగిలాయి.

ఈ పన్నెండో మనిషితో తేలిపోవాలి అనుకున్నాడు.

పన్నెండో మనిషికి అరవై ఏళ్లుంటాయి. కళ్లజోడు, భుజాన గుడ్డసంచి. భయపడుతూనే సంచిలోంచి కాగితం, కలం తీసింది.

"మీ పేరు చెప్పండి" అంది.

ఆ మడుగులో అతణ్ణి ఎవరూ పేరడగలేదు. గొడ్డలి దించి ఆలోచించాడు. నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది.

"గుర్తులేదు."

"పోనీ, తండ్రి పేరు?"

"పడవ దిగు."

"పేరు చెప్పకపోతే పుట్టుమచ్చలు చూడాలండీ. ఎడమ చెవి వెనక ఒకటుండాలి."

"ఎడమ చెవే లేదు. చేపలు తినేశాయి."

ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుంది.

"రెండోది కుడి భుజం మీద. కాస్త ఆ నాచు తీస్తారా?"

గొడ్డలాయన భుజం గోక్కోవడం మొదలుపెట్టాడు. సగం గోకాక సిగ్గేసింది. తన నీడ చూసి మగాళ్లు మూర్ఛపోతారు. ఈవిడెవరో వచ్చి నాచు తీయమంటే తీస్తున్నాడు.

"అసలు నీకేం కావాలి?"

"మీరు మీరేనని తేలాక చెప్తానండీ. ముందే చెప్పకూడదు. రూలు."

దాంతో అతనికి చిర్రెత్తుకొచ్చింది. గొడ్డలి ఎత్తాడు. ఆవిడ సంచితో సహా బురదలోకి జారి, ఎండిన చెట్టు మొద్దు చుట్టూ పరుగు తీసింది. ఇతను వెంటపడ్డాడు. పరుగంటే పరుగు కాదు. మోకాళ్లు ఇద్దరివీ అంతంతమాత్రమే.

"నేను ఇవాళ ఐదింటికి రిటైరవుతున్నానండీ" అంది ఆవిడ రొప్పుతూ.

"అంతవరకూ ఎందుకు, ఇప్పుడే చేయిస్తాను."

"నా తర్వాత ఈ బురదలోకి ఎవరూ రారండీ."

"నువ్వు చాలు నాకు."

ఏడో చుట్టులో ఆవిడ కాలు కూరుకుపోయింది. గొడ్డలాయన ఎదురుగా నిలబడి ఊపిరి తీసుకున్నాడు. ఊపిరి అక్కర్లేకపోయినా పాత అలవాటు.

ఇలాంటప్పుడు అందరూ పిల్లలున్నారంటారు, వదిలేయమంటారు. ఈవిడ అలా అనలేదు. సంచిలోంచి చిన్న రేకు డబ్బా తీసి, చటుక్కున అతని ఎడమచెయ్యి పట్టుకుని, బొటనవేలు అందులో అదిమింది. వేలు ఊదారంగుకు తిరిగింది.

"విషమా?" అన్నాడు కంగారుగా. చచ్చినవాడికి విషమేమిటన్నది అప్పటికి తోచలేదు.

"సిరా అండీ. కంగారుపడకండి. ఒక్కసారి ఇక్కడ..."

ఆవిడ ఒక కాగితం చాపింది. అతను విసురుగా దించిన గొడ్డలి సరిగ్గా ఆ కాగితం మీదే పడింది. దాన్ని చీల్చుకుంటూ వెళ్లి మొద్దులో దిగబడిపోయింది. గొడ్డలాయన రెండు చేతులతో లాగుతుంటే, ఆవిడ కాలు విడిపించుకుని పడవెక్కింది. గెడకర్ర బాగానే వేసింది.

కొంత దూరం పోయాక వాచీ చూసుకుంది.

"ఐదు దాటిపోయిందండీ" అంది. కోపంగా కాదు. నిజంగా బాధపడుతూ అంది.

"ఇంకోసారి దొరక్కపోవులే" అని అరిచాడు గొడ్డలాయన.

మొద్దుకి కాలు తన్నిపెట్టి గొడ్డలి ఊడబెరికాడు. దాంతోపాటు కాగితమూ వచ్చింది. బతికున్నప్పుడు కలప అడితిలో దుంగల మీద గుర్తులు రాసేవాడు గనక నాలుగక్షరాలు వచ్చు. కూడబలుక్కుని చదివాడు.

మొదట ఉన్నది అతని పేరు. రెండుసార్లు పైకి చదువుకున్నాడు. ఎవరో తలుపు తట్టి పిలిచినట్టుంది. ఏడుపొచ్చింది.

తర్వాతి వరుసలు చదివాడు. శవం దొరకలేదు గనక ఇతని చావు ఇన్నేళ్లూ మరణాల పుస్తకంలోకి ఎక్కలేదట. అందుకే ఇతను ఇంకా చనిపోయినట్టు కాదట. భార్య పెట్టుకున్న అర్జీ ఇప్పటికి మంజూరైందట. కింద సంతకం చేసినవారి ఎదుట, వారు ఉద్యోగంలో ఉండగా వేలిముద్ర వేస్తే, ఆ క్షణం నుంచి శాశ్వతంగా విశ్రాంతి తీసుకోవచ్చట.

గొడ్డలాయన చుట్టూ చూసి, తడి ఆరని బొటనవేలు గబగబా కాగితానికి అదిమాడు. ముద్ర చక్కగా పడింది. కాగితం గుండెల మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని, మెల్లగా నడుం వాల్చాడు.

బురద కాసేపు ఊరుకుని, మళ్లీ పైకి నెట్టింది.

లేచి కూర్చుని ఆఖరి వరుసలో సంతకం, దాని కింద హోదా చూశాడు. అతనికి చావు రాసిచ్చేందుకు ముప్పై ఎనిమిదేళ్లకు వెతుక్కుంటూ వచ్చిన జనన మరణాల గుమాస్తా, అప్పటికే గట్టెక్కి, రిటైరైపోయి, ఇంటిదారి పట్టింది.