రోజుకొక్క తప్పు

వైఫై డబ్బాను బియ్యం డ్రమ్ములో మోచేతి లోతున పూడ్చి, మూత బిగించింది నిర్మల.

"అమ్మా, నెట్ పోయింది!" గదిలోంచి దయాకర్ కేక.

"వాడకట్టంత పోయిందట బిడ్డా. ఏడనో వైరు తెగిందట."

కొడుకుతో అబద్ధం ఆడటం ఇష్టం లేదు. కానీ ఏం చేస్తుంది? వాడి ఫోన్‌కు రీచార్జి లేదు. ఈ డబ్బా ఒక్కటి ఆగితే చాలు, పీడ వదులుతుందనుకుంది.

కంపెనీ వాళ్లు ఉద్యోగంలోంచి తీసేసినప్పటి నుంచి కొడుకు ఆ గదిలోనే. హైదరాబాద్ మేడలు లేస్తూ లేస్తూ ఇబ్రహీంపట్నం దాకా వచ్చేశాయి. వాడు మాత్రం గడప దాటడం లేదు. లోపల గడియ పడ్డ ప్రతిసారీ నిర్మల పని ఆపి ఆ తలుపు వైపే చూస్తుంది.

"ఏం రాస్తున్నవ్ రా గంతగనం?" అని ఒకసారి అడిగింది.

"ప్రతి ఫోన్‌ల ఒక చిన్న డేటాబేస్ ఉంటదమ్మా. నీ నంబర్లు, మెసేజులు దాచిపెట్టేది అదే. దాన్ని మొదటికెళ్లి మళ్ల రాస్తున్న."

"ఉన్నదాన్ని మళ్ల రాసుడెందుకు?"

"పాతదాంట్ల బయటోళ్లను చెయ్యి పెట్టనియ్యరు. నాదాంట్ల ఎవలన్న రావచ్చు, తప్పు పట్టొచ్చు, సరిచెయ్యొచ్చు. తలుపు తెరిచే ఉంటది."

"దాని తలుపు తెరిచి, నీ తలుపు మూసుకుంటవా?"

వాడు మళ్లీ తెర వైపు తిరిగాడు.

తెరిచిన ఆ తలుపులోంచే వచ్చాడు బాల్ అనేవాడు. ముఖం లేదు, ఊరు లేదు. ఉత్త పేరు. రోజూ తెల్లారగానే దయాకర్ రాసినదాంట్లో ఒక తప్పు పట్టి పంపుతాడు. "రాస్తుంటే నడుమల కరెంటు పోతే సగం మాయమైతుందట!" అని దయాకర్ జుట్టు పీక్కుంటాడు. పొద్దుగూకేసరికి సరిచేస్తాడు. తెల్లారితే ఇంకొకటి.

ఆ బాల్ చివర్లో రాసే మాట ఎప్పుడూ ఒకటేనట: "రేపు ఇంకోటి ఇస్త, చూడు."

పక్కింటి రుక్కమ్మ విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "గదే పిల్లా, డిజిటల్ అరెస్టు! టీవీల చూపిస్తలేరా? పోలీసులమని ఫోన్ల బెదిరించి, గదిల కూసోబెట్టి, కదలనియ్యరట."

ఆ మాటతోనే డబ్బా బియ్యంలోకి వెళ్లింది.

మర్నాడు మధ్యాహ్నం గేటు గలగలమంది. బయట ఎవరో మనిషి. చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. రొప్పుతున్నాడు.

"దయాకర్ ఇల్లు గిదేనా అక్క? రేషన్ దుకాణం కాడ చెప్పిన్రు."

"నువ్వెవలు?"

"బాల్‌రాజ్. మాది యాచారం. కంప్యూటర్ల బాల్ అని రాస్త."

నిర్మల గేటు గడియ గట్టిగా పట్టుకుంది. కంప్యూటర్‌లో ఉండాల్సినవాడు గేటు దాకా వచ్చేశాడు!

"ఇల్లెట్ల తెలిసింది నీకు?"

"పేరు పక్కన ఇబ్రహీంపట్నమని పెట్టుకున్నడు గద. పొద్దటి సంది అడుక్కుంట వచ్చిన."

"వాడు లేడు, పో."

బాల్‌రాజ్ ఒక్క అడుగు ముందుకేశాడు. "లేడా? ఎటు పోయిండక్క? ఎప్పుడు పోయిండు? ఒక్కడే పోయిండా?"

"నీకెందుకు?"

"నిన్నటి సంది జవాబు లేదు. ఒక్కసారి కనపడితే చాలు, పోత."

"కనపడితే ఏం చేస్తవ్? అరెస్టా?"

"అరెస్టా? నేనా?"

అంతలో లోపలి నుంచి దయాకర్ గొంతు. "అమ్మా, తినెతందుకు ఏమన్న ఉన్నదా?"

బాల్‌రాజ్ గేటు చువ్వ పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఉన్నడు," అన్నాడు తనలో తానే.

అబద్ధం దొరికిపోయిన సిగ్గంతా నిర్మలకు కోపమైంది. "ఉంటే ఏంది? ఇగ వానికి ఒక్క మాట రాయనని నా కొడుకు మీద ఒట్టెయ్యి. లేకుంటే వాడకట్టునంత పిలుస్త."

"గా ఒట్టొద్దక్క."

"ఎయ్యి!"

అతను మూసి ఉన్న కిటికీ వైపు చూశాడు.

"నువ్వు దగ్గరనే ఉంటవా? వాన్ని ఒక్కన్ని ఇడిసిపెట్టనంటే ఏస్త."

"నా కొడుకును చూసుకునుడు నువ్వు చెప్పాల్నా?"

ఒట్టు వేసి, యాచారం ఆటో ఎక్కి వెళ్లిపోయాడు. 'ఒక్కన్ని ఇడిసిపెట్టకు' అన్నది బెదిరింపేనని నిర్మల ఆ పూటంతా తలుపులకు గడియలు చూసుకుంటూనే ఉంది.

మరుసటి రోజు నెట్ 'వచ్చింది'. తప్పు మాత్రం రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. దయాకర్ తెర ముందు ఊరికే కూర్చునేవాడు.

ఒక సాయంత్రం తనంతట తానే బయటికొచ్చి, తోటకూర ఏరుతున్న తల్లి పక్కన కూలబడ్డాడు. నిర్మల ప్రాణం లేచివచ్చింది.

"చూసినవా, పీడ పోయింది!"

"ఏం పీడ?"

"గా బాల్ గాడు. ఇంటి దాంక వచ్చిండు. ఒట్టేయించి ఎల్లగొట్టిన."

దయాకర్ గేటు వైపు చూశాడు.

"వచ్చిండా అమ్మా? ఈడికా?"

"మరి! నిన్ను ఎంత సతాయించిండు."

"నౌకరి పోయినంక ఒక దినం, ఇది బంద్ చేస్తున్న, ఇగ నేనుండ అని అందరికి కనపడేటట్టు రాసిన. చెరువుకాడికి పోదామని చెప్పులు గూడ తొడుక్కున్న. ఎవ్వలు పలుకలే. గాయిన ఒక్కడే ఒక తప్పు పంపిండు. గిదొక్కటి సరిచేసి పో అన్నడు. చేసిన. రేపు ఇంకోటి ఇస్త అన్నడు."

నిర్మల వేళ్ల మధ్య తోటకూర కాడ అట్లాగే ఉండిపోయింది.

తల్లి కంటే ముందే లేచి, తన కొడుకు ఇంకా ఉన్నాడా అని రోజూ తెల్లారగానే అడుగుతూ వచ్చిన మనిషి చేత, ఇక అడగనని ఆమే ఒట్టు వేయించింది.