కదలని మేఘం

కొండ నెత్తిన మేఘం పొద్దుటి నుంచీ అలాగే ఉంది, బోర్లించిన పళ్లేల దొంతరలా. దాని కింద టవర్ మెకానిక్ కాలు విరిగి పడి ఉన్నాడు. చీకటి పడేలోగా హెలికాప్టర్ వెళ్లకపోతే ఈ చలికి మనిషి దక్కడు.

కొండ దిగువన హెలిప్యాడ్ గదిలో పైలట్ హెల్మెట్ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. వాతావరణ అధికారి 'సరే' అంటే చాలు. రెండక్షరాల మాట. అదే ఆయన నోట్లోంచి ఊడిపడటం లేదు.

"మేఘం కదలడమే లేదు కదండీ. ఇంక గాలెక్కడుంది?" అంది మెకానిక్ భార్య.

అధికారి ఓపిగ్గానే చెప్పాడు. గాలి కొండకు కొట్టుకుని పైకి లేస్తుంది, లేచినచోట మేఘమవుతుంది. అవతల దిగేచోట కరిగిపోతుంది. ఇటు కడుతూ అటు కరుగుతూ ఉంటుంది కాబట్టి కదలనట్టు కనిపిస్తుంది. అది అంత నున్నగా ఉందంటే గాలి అంత జోరుగా ఉన్నట్టు. హెలికాప్టర్‌ని కొండకేసి కొడుతుంది.

ఆమెకు అందులో సగమే ఎక్కింది. వెళ్లరన్న సంగతి మాత్రం పూర్తిగా అర్థమైంది.

మధ్యాహ్నం పైలట్ చెప్పాపెట్టకుండా అధికారి క్యారియర్ విప్పి ఖాళీ చేశాడు. ఆయన నీళ్ల సీసా అతనివైపు జరిపాడు. ఆమె మంచినీళ్లు కూడా ముట్టలేదు. చేతిలోని వాకీటాకీలో భర్త గొంతు అంతకంతకూ పీలగా వస్తోంది.

పొద్దు వాలుతుండగా మేఘం అంచులు చెదిరాయి. పీచుపీచుగా విడిపోయింది.

"సార్, గాలి పడిపోయింది. ఇప్పుడు వెళ్లొచ్చేస్తాను," అన్నాడు పైలట్.

గాలిని కొలిచే ముల్లు కూడా కిందికి దిగింది. అధికారి దాన్ని చూశాడు. పైలట్ మొహం చూశాడు. "మళ్లీ లేస్తుంది. వద్దు," అన్నాడు.

ఆమెకు ఈసారి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. "పైన ఉన్నది మీ ఇంటి మనిషైతే ఇలాగే కూర్చుంటారా?"

ఆయన తల దించుకున్నాడు.

చీకటి పడింది. ఇక ఎగరడమన్న మాటే లేదు. గాలి మళ్లీ లేవనూ లేదు. వాకీటాకీలో గరగర తప్ప ఏమీ రావడం లేదు. ఆమె పిలిచి పిలిచి మానేసింది, చెవి దగ్గర నుంచి మాత్రం దాన్ని తీయలేదు.

పైలట్ హెల్మెట్‌ను కొక్కేనికి తగిలించాడు. బల్ల మీది ఖాళీ క్యారియర్ అందుకుని, అధికారి మొహం చూడకుండా అన్నాడు: "పద నాన్నా, అమ్మ ఎదురుచూస్తుంటుంది."