సైలస్ ఇంటి కిటికీ

ఫిలడెల్ఫియాలో చీకటి పడింది. రాగిరేకు మీద తాను చెక్కిన వీధి బొమ్మను ఎజ్రా కాగితం మీద అచ్చు తీసి చూశాడు. బావమరిది సైలస్ ఇంటి కిటికీలో మళ్ళీ అదే సైలస్ ముఖం! రేకు మీద దాన్ని అప్పటికే మూడుసార్లు గీకి నున్నగా రుద్దేశాడు.

భార్య టాబిత దీపంతో వచ్చింది. "ఆ రాగితోనే కాపురం చేస్తారా, భోజనానికి లేస్తారా?" అంటూ బొమ్మ మీదికి వంగింది. "అయ్యో, మా తమ్ముడి ఇల్లు!"

ఎజ్రా ఆ కిటికీ మీద అరచెయ్యి కప్పాడు. విషజ్వరాలు వచ్చిన ఏడాది సైలస్ "బావా, నీళ్ళు" అని అరుస్తూంటే, తలుపుకు బయట గొళ్ళెం పెట్టి పారిపోయింది తనే.

"మీరు వెళ్ళేసరికే వాడు పోయాడన్నారుగా," అంది టాబిత మెల్లగా. "మరి ఈ బొమ్మలో తలుపుకు గొళ్ళెం బయటినుంచి ఎవరు పెట్టారండీ?"

ఎజ్రా ఎన్నడూ చెక్కని గొళ్ళెం ఆ తలుపు మీద తడి సిరాలో నల్లగా మెరుస్తోంది.