ఏడు వైర్లు, ఒక గొట్టం

“మళ్లీ జారిపోయింది!” అన్నాడు ఆర్విడ్.

ఏడు రంగుల వైర్ల కట్ట మోటార్‌సైకిల్ హ్యాండిల్ గొట్టంలోంచి జారి అతని బూట్ల మీద పడింది. పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి.

అతని భార్య మార్లిస్ షెడ్డు గుమ్మంలో కాఫీ కప్పుతో నిలబడి చూస్తోంది. కప్పు ఎడమచేతిలో ఉంది. అక్టోబరులో పక్షవాతం వచ్చి తగ్గినప్పటి నుంచి ఆమె కుడిచెయ్యి ఎప్పుడూ స్వెటర్ జేబులోనే ఉంటోంది.

“శనివారానికి రోలీకి బండి ఇస్తానన్నావుగా?” అంది.

“ఇస్తాను.”

“ఏ శనివారం?”

ఆర్విడ్ వంగి కట్టను ఏరుకున్నాడు. ఏప్రిల్ వచ్చి మంచు కరిగిందంటే చాలు, కెనోషా ఊళ్లో ప్రతివాడికీ ఒకేరోజు తన మోటార్‌సైకిల్ గుర్తొస్తుంది. శనివారం మోటార్‌సైకిల్ క్లబ్బు వాళ్ల మొదటి షికారు. ఆ క్లబ్బు వాడే అయిన రోలీకి భుజాలంత ఎత్తు హ్యాండిల్ కావాలి, దాని మీద వైరన్నది కనబడకూడదు. గొట్టం పైన టేపు చుట్టి వైర్లు దింపడం ఎవడైనా చేస్తాడు. లోపలి నుంచి తేవడం అలా కాదు. గొట్టానికి రెండు వంపులు, వైర్లు బయటికి రావడానికి కింద ఒక చిన్న రంధ్రం. తొందరపడి లాగితే రంధ్రం అంచుకు వైరు తొడుగు చీరుకుపోతుంది. ఆ తర్వాత లైటు వేస్తే హారన్ మోగుతుంది.

ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ షెడ్డులోని బళ్ల దుకాణంలో వెల్డింగూ రంగులూ ఆర్విడ్‌వి, వైర్లు మార్లిస్‌వి. ఆవిడ వేళ్లకు కళ్లున్నాయనేవారు క్లబ్బులో. ఇప్పుడు ఆ వేళ్లు ఆడిస్తే ఆడతాయి, లేకపోతే బిగుసుకుపోతాయి అని చెప్పి డాక్టరు పిసకడానికి ఒక రబ్బరు బంతి ఇచ్చాడు. దాన్ని ఆమె కుక్కకు పడేసింది.

“నా చేతిని నేనే బతిమాలుకోవాలా?” అంది ఆ రోజు. ఆ తర్వాత ఒక్క వైరూ ముట్టుకోలేదు.

ఇప్పుడేమో ఆర్విడ్ చేతులు. రెండు వారాలుగా వణుకుతున్నాయి. ఈ పొద్దున తోలు కోటుకు ఊడిపోయిన క్లబ్బు గుర్తు గుడ్డబిళ్ల కుట్టుకుందామని కూర్చుని, పదిసార్లు ప్రయత్నించినా సూదిలో దారం ఎక్కించలేక, బొటనవేలికి పొడుచుకుని, సూది విసిరికొట్టాడు. మార్లిస్ చూసీ చూడనట్టు గిన్నెలు సర్దుకుంది గానీ మనసులో ఒకటే ఆలోచన. ఇద్దరి చేతులూ పోతే ఈ ఇల్లు ఏమవుతుంది?

“ఈ బండితో సరి, మార్లిస్. దుకాణం కట్టేద్దాం,” అన్నాడు ఆర్విడ్ స్టూలు మీద కూలబడి. “రోలీకి ఫోన్ చేసి బండి తీసుకుపొమ్మంటాను.”

“నోరు ముయ్. లేచి ఇటు రా.”

కప్పు బల్ల మీద పెట్టి, జేబులోంచి కుడిచెయ్యి బయటికి తీసింది. “నేను ఊరికే పట్టుకుంటానంతే. పని నీదే.”

“నీకెందుకు శ్రమ...”

“ఏడింటినీ ఒక్కచోట గుత్తిలా కడితే వంపులో ఇరుక్కోదూ? ఇన్నేళ్లుగా పక్కనే ఉండి ఏం చూశావయ్యా?”

“నిన్ను చూశాను. వైర్లనెవడు చూశాడు?”

“సిగ్గులేని ముసలాడా!” అంది. కానీ ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

టేపు విప్పింది. ఒక వైరు వెనక ఒకటి వచ్చేలా చివరలు పేర్చి, ఎలుక తోకలా సన్నగా కట్టడం మొదలుపెట్టింది. వేళ్లు కొయ్యముక్కల్లా ఉన్నాయి. టేపు వైర్లకు బదులు ఆమె గోళ్లకే అంటుకుంది. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టింది. ఆర్విడ్ అటు తిరిగి, ఆకురాయితో రంధ్రం అంచును నెమ్మదిగా నునుపు చేస్తూ కూర్చున్నాడు.

అరగంటకు కట్ట తయారైంది. దాన్ని సన్నటి ఉక్కుతీగకు ముడివేసి, గిన్నెలు తోమే సబ్బు పూసింది.

“తీగను కింద నుంచి లాగు. నేను చెప్పినప్పుడే.”

“సరే దొరసానీ.”

“ఆగు! గీసుకుంటోంది. కాస్త వదులు... ఆఁ, ఇప్పుడు.”

రెండో వంపు దగ్గర కట్ట ఆగిపోయింది. మార్లిస్ కళ్లు మూసుకుంది. అక్టోబరు నుంచి మాట వినని చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య కట్టను కొద్దికొద్దిగా తిప్పింది. లోపల ఏదో సర్దుకున్నట్టు వేలికి తెలిసింది. కట్ట ముందుకు జారింది.

కింది రంధ్రంలోంచి ఎర్రవైరు తల బయటపెట్టింది.

“వచ్చేసింది!” అని ఆర్విడ్ కేకపెట్టాడు. కుక్క మొరిగింది.

“చూశావా? నీ చేతులకేం ఢోకా లేదు,” అంది మార్లిస్.

నిజానికి అతను తీగ పట్టుకుని నిలబడ్డాడంతే, పనంతా ఆమెదే. ఆ సంగతి అతనికి తెలియాల్సిన పని లేదనుకుంది. మగవాడు, పైగా వయసు మీదపడ్డవాడు, పాపం చిన్నబుచ్చుకుంటాడు.

“ఎడమవైపు రేపు తెద్దాం. రేపూ పట్టుకుంటాను. మళ్లీ దుకాణం కట్టేస్తానన్నావంటే చూడు!”

“నువ్వు పట్టుకుంటానంటే ఎందుకంటాను?”

వంటింట్లో సూపు పొయ్యి మీద పెట్టి కలుపుతుంటే తెలిసింది, గరిటె తన కుడిచేతిలోనే ఉందని. మార్లిస్‌కు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ సంగతి చెప్పాలని పొయ్యి ఆర్పి, గరిటెతోనే షెడ్డు దగ్గరికి పరుగెత్తింది.

తలుపు అద్దంలోంచి చూసి ఆగిపోయింది. ఆర్విడ్ తోలు కోటు ఒళ్లో వేసుకుని కిటికీ వెలుగులో కూర్చున్నాడు. చేతిలో మళ్లీ ఆ సూదే. ఎదురుగా వెళితే సిగ్గుపడతాడని, పోనీ తర్వాత తనే కుట్టిపెడదామని, ఆమె అక్కడే నిలబడింది.

ఆర్విడ్ ఈలవేస్తూ, చెయ్యి కొంచెమైనా వణక్కుండా, మొదటిసారికే సూదిలో దారం ఎక్కించాడు.