పెద్ద కోడలి పక్షం

తలశ్శేరిలోని ఆ బీడీల షెడ్డులో పొద్దున పేపరు, మధ్యాహ్నం గంజి తాగాక నవల.

పనివాళ్ళకి పైకి చదివి వినిపించేవాడు కుంజంబు. అతను బీడీలు చుట్టడు. చుట్టేవాళ్ళే తలా కొన్ని బీడీలు కూలి కింద అతని పేరున వేస్తారు.

ఆ రోజు అతను కొత్త నవల తెరిచాడో లేదో, ఒక ముసలావిడ గొడుగు ముడిచి మెట్టు మీద కూర్చుంది.

అడుక్కోవడానికి వచ్చిందనుకుని షెడ్డులో అందరికన్నా పెద్దవాడు చాతు ఉడికిన కర్రపెండలం ముక్క ఆకులో పెట్టి ఇవ్వబోయాడు. ఆవిడ వద్దంది. తనకు చదువు రాదనీ, కాసేపు విని వెళ్తాననీ చెప్పింది.

వినేవాళ్ళు పెరిగితే కుంజంబుకి సంతోషమే.

నవల ఆ చుట్టుపక్కల ఇంటి కథే. ఒక ఇంటికి వచ్చిన ఇద్దరు కోడళ్ళు. చిన్న కోడలు మెత్తనిది. పని చేస్తూ పాడుకునేది, చిన్న మాటకే కళ్ళనీళ్ళు పెట్టుకునేది. పెద్ద కోడలు నోరు విప్పితే కత్తి. నడుముకి తాళంచేతుల గుత్తి. ఆమె కంట తడి చూసినవాళ్ళు లేరు.

షెడ్డు షెడ్డంతా చిన్న కోడలి వైపే. పెద్ద కోడలి ప్రస్తావన వస్తే చాలు, ఎవరో ఒకరు పళ్ళు కొరికేవాళ్ళు.

ముసలావిడ రోజూ వచ్చేది. రేవు దాటి ధర్మడం నుంచి వస్తుందనీ, ఒక్కతే ఉంటుందనీ ఎవరో అన్నారు. పేరు ఎవరూ అడగలేదు.

ఆవిడ వినే తీరే వేరు. అందరూ తిట్టే చోట తల వంచుకునేది. ఒక్కోసారి నవ్వొచ్చే మాట కుంజంబు నోటికి రాకముందే నవ్వేది. ఈ కథ ముందే విన్నావా అని చాతు అడిగితే లేదంది.

ఒకరోజు ఆ ఘట్టం వచ్చింది.

చిన్న కోడలు ఇంట్లో చెప్పకుండా గుడి దగ్గర దేవుడి వేషం కట్టి ఆడే తెయ్యం చూడ్డానికి వెళ్ళింది. జోరు వానలో, సాయంత్రం తిరిగొచ్చింది. పెద్ద కోడలు లోపలినుంచి గడియ వేసేసింది. చిన్నది చాలాసేపు తలుపు కొట్టింది. తర్వాత ఏటివైపు నడిచింది. లోపల ఉయ్యాల్లో ఆమె పసిబిడ్డ ఏడుస్తూనే ఉన్నాడు.

ఒళ్ళో ఆకు, పొగాకు చేటల్లో చేతులు ఆగిపోయాయి.

“అలాంటిదాన్ని ఆ తలుపుకే కట్టెయ్యాలి” అన్నాడు పొక్కన్. అతనికి ఆ మధ్యే పెళ్ళయింది.

“ఇద్దరూ ఒకటే నాయనా.”

మాట మెట్టు మీదినుంచి వచ్చింది. అందరూ అటు తిరిగారు.

“ఏ ఇద్దరు?” అన్నాడు చాతు.

“ఆ కోడళ్ళే. ఒకతి ఏడ్చింది, ఒకతి ఏడవలేదు. అంతే తేడా. గుత్తి మొయ్యడం వరకే పెద్దదాని వంతు. తియ్యమనీ వెయ్యమనీ చెప్పే నోరు వేరే. ఆ గడియ తీసుంటే ఇద్దర్నీ కలిపే వాన్లోకి నెట్టేవాళ్ళు. లోపల పసివాడికి ఎవరుండేవాళ్ళు?”

తను ఒక్క అక్షరం వదలకుండా చదివాననీ, అలాంటి సంగతి పుస్తకంలో ఎక్కడా లేదనీ కుంజంబు కాస్త చిరాగ్గానే చెప్పాడు.

“అన్నీ పుస్తకంలోకి ఎక్కుతాయా?” అంది ఆవిడ.

పొక్కన్ చేట పక్కన పెట్టాడు.

“ఇంటికొకతి నీలాంటిది ఉండబట్టే ఆడపిల్లలు ఏట్లో పడుతున్నారు. నువ్వు విన్నది చాల్లే, లే ముసలమ్మా.”

అతన్ని ఎవరూ వారించలేదు. కుంజంబు కూడా.

ఆవిడ మోకాళ్ళ మీద చేతులూని లేచింది. వెళ్ళబోతూ ఆగి, ఆ ఉయ్యాల్లో పిల్లాడు తర్వాత ఏమయ్యాడో రాశారా అని అడిగింది. కుంజంబు మిగిలిన పేజీలు గబగబా తిరగేసి చూశాడు. పిల్లాడి ఊసు మళ్ళీ లేదు. అదే చెప్పాడు.

“పోన్లే” అంది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

నవల అయిపోయింది. ఇంకో నవల మొదలైంది. అందులో నవ్వొచ్చే మాటలు చాలా ఉన్నాయి. అలాంటి మాట వచ్చినప్పుడల్లా కుంజంబు కళ్ళు తెలియకుండానే మెట్టు వైపు పోయేవి. మెట్టు ఖాళీగా ఉండేది.

విషు పండగ వెళ్ళాక ఒక ఆదివారం అతను రేవు దాటాడు.

రోజూ మధ్యాహ్నం గొడుగు పట్టుకుని దాటే ముసలావిడ ఇల్లెక్కడని పడవవాణ్ణి అడిగాడు. ఆవిడ పోయి వారమైందని పడవవాడు చెప్పాడు. ఇల్లు మాత్రం చూపించాడు.

చిన్న పెంకుటిల్లు. పెరట్లో చితి కోసం మామిడిచెట్టు కొట్టేసిన మొద్దు, దక్షిణం వైపు చితి బూడిద.

అరుగు మీద కళ్ళద్దాలాయన ఒకడు ఒంటరిగా కూర్చున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. ఆ మొహం కుంజంబుకి తెలుసు. తను చదివిన కోడళ్ళ నవల వెనక అట్ట మీద ఉన్నది అదే.

తనెవరో కుంజంబు చెప్పుకున్నాడు. కబురందేసరికి ఆలస్యమైందనీ, తను మద్రాసునుంచి వచ్చేలోపే దహనం అయిపోయిందనీ ఆయన అన్నాడు.

“రోజూ మధ్యాహ్నం ఎక్కడికో వెళ్ళేదట. ఎక్కడికో ఇక్కడ ఎవరికీ తెలీదు. మీకు తెలుసా?”

“మా షెడ్డుకే. మీ నవల వినడానికి.”

ఆయన కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

“ఆ పుస్తకం సంగతి ఆవిడకి తెలీదనుకున్నాను” అన్నాడు.

అడగాలా వద్దా అనుకుంటూనే కుంజంబు అడిగేశాడు.

“ఆవిడ మీకేమవుతారు?”

“మా పెద్దమ్మ” అన్నాడాయన తలెత్తకుండా. “ఆ రోజు తలుపు గడియ వేసిందీ ఆవిడే, అమ్మ పోయాక నన్ను పెంచిందీ ఆవిడే.”